ఓబుళేశు లాయరు పక్క మారాడు

ఖాసిం సాహెబ్ హత్య కేసుకు ఓబుళేశు ప్రభుత్వ లాయరని తెలిసిన రోజు అబీదా బీ అన్నం ముట్టలేదు. కడప కోర్టులో ఓబుళేశు పేరు తెలియనివాళ్లు లేరు. ఫ్యాక్షన్ హత్యల్లో ముద్దాయిల తరఫున నిలబడి, సాక్షులను తికమకపెట్టి ఎంతోమందిని విడిపించిన మనిషి. ఆయనకు ఆ పదవి ఇచ్చినప్పుడు తోటి లాయర్లే, "దొంగ చేతికి తాళాలిచ్చినారు" అని గొణుక్కున్నారు.

ఖాసిం సాహెబ్‌ది ఎర్రగుంట్ల. సొంత లారీ ఉండేది. సిమెంటు లోడుకు ఎవరి బండి ముందన్న గొడవ ముదిరి, ఇంటి ముందే ఆయన్ను నరికేశారు. భార్య అబీదా బీ కళ్లారా చూసింది ముగ్గురిని. పోలీసులు కేసు పెట్టింది నలుగురి మీద. నాలుగోవాడు నారాయణ, ముద్దాయిల్లో ఒకడి తమ్ముడు.

విచారణకు ముందు ఓబుళేశు ఆమెను, కొడుకు అక్రమ్‌ను ఆఫీసుకు పిలిపించాడు. కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు.

"మీరు ఎవురి పక్క ఉండారో చెప్పండి సారూ. అది సాలు."

ఆయన నొచ్చుకోలేదు. "అడగాల్సిన మాటే అడిగినావమ్మా. ఈ కేసులో నీ పక్కే. ఆ పొద్దు నారాయణను చూసినావా?"

ఆమె కొడుకు వైపు చూసింది. అక్రమ్ అందుకున్నాడు. "వాడూ ఆ ఇంటోడే గదా సార్. పోలీసులు రాసినట్టే చెప్తాది మాయమ్మ."

"నేను మీయమ్మను అడుగుతాండా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదు సారూ. వాన్ని చూడలా."

"అయితే కోర్టులో అదే చెప్పు."

"వాన్ని ఇడిపించేకా ఇదంతా?" అక్రమ్ లేచి నిలబడ్డాడు.

"కూర్చోప్పా. ఇన్నేండ్లు ఆ పక్క నేను చేసిందేమి? సాక్షి నోట్లో ఒక్క అబద్ధం దొరికితే సాలు, దాన్ని పట్టుకోని నిజాలన్నీ పీకి పారేసేవాన్ని. నారాయణ పేరు ఎత్తితే ఆ ముగ్గురూ ఆ సందులోనే తప్పించుకుంటారు. ఇంగోటి, చేయని పనికి మనిషిని జైల్లో ఏయించేకి నాకీ కుర్చీ ఇయ్యలా."

బోనులో అబీదా బీ చూసిందే చెప్పింది. అవతలి లాయరు ఎంత గుచ్చినా తొణకలేదు. ఆ తర్వాత ఓబుళేశే లేచి, నారాయణ మీద సాక్ష్యం లేదని జడ్జికి చెప్పాడు.

ఆ సాయంత్రానికే ఊరంతా పాకింది, పాత బుద్ధి పోలేదని, అమ్ముడుపోయాడని. పోలీసులు ఆయనతో మాట మానేశారు. అబీదా బీకి కూడా లోపల గుబులే. తప్పు చేశానేమో, భర్తకు అన్యాయం చేశానేమో అని కుమిలిపోయింది. ఆయన మాత్రం ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

తీర్పు వచ్చింది. శత్రువు తమ్ముడిని కూడా అన్యాయంగా ఇరికించని ఈమె మాట నమ్మదగిందని జడ్జి రాశారు. ముగ్గురికీ యావజ్జీవం పడింది. నారాయణ ఇంటికి పోయాడు.

గడువు తీరాక ఓబుళేశును మళ్లీ ఆ పదవిలో ఉంచలేదు. కమలాపురంలో పొలం గట్ల తగాదాలు వాదించుకుంటున్నాడు. పాత కక్షిదారులు వస్తే కాఫీ ఇచ్చి, కేసు పట్టకుండానే పంపేస్తాడు.

నిరుడు రంజాన్‌కు అబీదా బీ ఆయన్ను ఇంటికి పిలిచింది. వస్తాడో రాడో అనుకుంది. వచ్చాడు. వీధి వీధంతా చూస్తుండగా వాకిట్లో అక్రమ్ పక్కన కూర్చుని, తృప్తిగా తిన్నాడు.