చుక్క కింద చోటు

ఫారో దీవుల్లోని ఆ చిన్న చర్చికి సున్నెవ ముసలమ్మ ప్రతి ఆదివారం జాలరి టోపీ పెట్టుకునే వస్తుంది. పైకప్పు సరిగ్గా ఆమె నెత్తిమీదే కారుతుంది. చుట్టూ బల్లలన్నీ ఖాళీగా ఉన్నా ఆమె మాత్రం జరగదు. టప్పుమని చుక్క పడినప్పుడల్లా "స్తోత్రం" అంటుంది. "ప్రభువు మా ఆయన్ని సముద్రంలో కలిపేసి, ఈ టోపీ ఒక్కటే నాకు మిగిల్చాడు. అది వృథా పోకూడదనే ఈ చుక్క పంపాడు" అని పాస్టరుకే పాఠం చెబుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా వెనక బల్ల మీద కూర్చునే పడుచు ఇల్లాలు మార్యున్ కిసుక్కున నవ్వేది. ఈ వేసవిలో కప్పు బాగుచేయించారు. పొడి టోపీ కింద సున్నెవ ముఖం చిన్నబోయింది. "నేనేం పాపం చేశానని నన్నిట్లా ఎండబెట్టారు బాబూ?" అని పాస్టరుని నిలదీసింది.

చలికాలం మొదటి వానకే కప్పు మళ్ళీ కారింది. ఈసారి మార్యున్ నెత్తిమీద. ఆమె భర్త ఎక్కిన పడవ మునిగి నెల దాటింది. అప్పటినుంచీ ఆమె కంట తడి ఎవరూ చూడలేదు. చుక్కలు పడుతున్నా నల్లబట్టల్లో బొమ్మలా కూర్చుంది. సున్నెవ కాసేపు అసూయగా చూసింది. తర్వాత లేచి వెళ్ళి, తన టోపీ తీసి మార్యున్ నెత్తిన పెట్టి ముక్కుదాకా లాగింది. "మొదట్లో మెడ పట్టేస్తుందే. కానీ దీని కింద ఎంత ఏడ్చినా కప్పు కారిందనే అనుకుంటారు. నేనట్లాగే నెట్టుకొచ్చా."