ముప్పై దగ్గర మొదలైన గీత

తొంభైల చివర్లో బెంగళూరులోని ఒక చిన్న మార్కెట్ సర్వే ఆఫీసులో నాకు పని దొరికింది. పర్మనెంటు కాదు. ఒక అగరుబత్తుల కంపెనీ మాకిచ్చిన సర్వేను మరో ఏడాది పొడిగిస్తే నన్ను ఉంచుకుంటారు. లేకపోతే చిక్కపేటలో మా నాన్న బట్టల అంగడికి తిరిగి పోవాలి. బేరమాడటం తప్ప ఆ అంగట్లో నేను నేర్చుకున్నది ఏమీ లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ నిలువు గీతను తనకు తోచిన అంకె దగ్గర మొదలుపెట్టేది. ఒక్కో గ్రాఫునూ తెరిచి సరిచేసి విసుగెత్తి, ఇకపై గీసే వాటన్నిటికీ ఒకే పద్ధతి ఖాయం చేద్దామని సెట్టింగుల్లోకి వెళ్ళాను. వెనక బూడిదరంగు వద్దు, అక్షరాలు పెద్దవి, గీత సున్నా నుంచి. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మా తెలుగు మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి చూశాడు.

“సున్నా ఏలప్పా? నలభై పెట్టు. పోటీవాడి పక్కన మన కంపెనీవాళ్ళ స్తంభం టెంకాయచెట్టు మాదిరి కనపడల్ల.”

“సున్నానే సార్.”

“ముప్పై ఐదు.”

“పది.”

“అప్పుడే పదికి ఎక్కితివే! ముప్పై. ఇంక మాట్లాడొద్దు.”

ఒప్పుకున్నాను. నలభై నుంచి పది తగ్గించానన్న తృప్తితో టీ కూడా తాగాను. సున్నా బేరానికి పెట్టే సరుకు కాదని నాకు తట్టనే లేదు.

తర్వాతి వారం కంపెనీ యజమాని స్వయంగా వచ్చాడు. ఆయన అగరుబత్తి కొనేవాళ్ళు నలభై ఆరు శాతం, పోటీవాడిది కొనేవాళ్ళు నలభై మూడు. తెర మీద మొదటి గ్రాఫు దగ్గరే ఆయన వేలు ఆగింది.

“ఇదేందప్పా, ముప్పై నుంచి ఉండాది? కింది ముక్క యాడ పోయె? గజంబద్దను నడిమికి పట్టుకోని కొలుస్తారా మీరు?”

మేనేజరు నా వంక చూశాడు. సెట్టింగుల్లో సున్నా కొట్టాను. తెర మీది గ్రాఫు కదల్లేదు. ఆ మార్పు కొత్తగా గీసేవాటికే వర్తిస్తుంది. ఆయన ఎదుటే మళ్ళీ గీశాను. రెండు స్తంభాలూ ఇంచుమించు ఒకే ఎత్తున నిలబడ్డాయి.

“ఇంతేనా నేను ముందుండేది?”

“ఇంతే సార్,” అన్నాను.

“అయితే వాడు నన్ను దాటేస్తాడు. వచ్చే ఏడాది కూడా సర్వే చేసి చూడల్లప్పా.”

ఆయన వెళ్ళాక, మిగతా కంప్యూటర్లలోనూ సున్నా పెట్టమన్నాడు మేనేజరు. నా ఉద్యోగం నిలిచింది. గట్టిగా బేరమాడి నిలబెట్టుకున్నానని ఇంట్లో చెప్పాను.