చేతులెత్తిన తరగతి

మొన్న శ్రీకాకుళంలో టీచర్ల శిక్షణలో మాట్లాడ్డానికి వెళ్లాను. బడిలో ప్రజాస్వామ్యం, పిల్లల హక్కులు అన్నది అంశం. నిర్వాహకుడు మైకు అందుకుని, "టీ ఇప్పుడే కావాలన్నవాళ్లు చేతులెత్తండి" అనగానే హాలు నిండా చేతులు ఒక్కసారిగా లేచాయి. దేవుడికీ దెయ్యానికీ భయపడనని బతుకంతా వేదికలెక్కి అరిచినవాణ్ణి, టీ కోసం లేచిన చేతుల్ని చూసి భయపడ్డాను.

కారణం మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య. కళింగపట్నం అవతల, వంశధార సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా, చేపల వేట మీద బతికే ఒక ఊళ్లో తను టీచరు. కొన్నేళ్ల కిందట నేను మాట్లాడిన శిక్షణకు తనూ వచ్చింది. బెత్తం పట్టిన చెయ్యి పౌరుల్ని తయారుచెయ్యలేదనీ, తరగతి నియమాలు పిల్లలే పెట్టుకోవాలనీ, తప్పు జరిగితే వాళ్లే తేల్చుకోవాలనీ బల్ల గుద్ది చెప్పాను. నీళ్ల గ్లాసు దొర్లి ముందు వరసలో ఒకావిడ చీర తడిసింది కూడా. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయారు. మరదలు మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. కొన్నాళ్లకు ఫోను. "బావగారూ, బెత్తం పొయ్యిలో పెట్టేసేను. ఓసారొచ్చి సూడండి. మా బడిలో గొడవన్నది నేదు."

వెళ్లాను. ఊరి మొదట్లోనే ఎండుచేపల వాసన ఆటోలోకి ఎక్కి నా పక్కన కూర్చుంది. బడిలో పిల్లలు వరసగా చేతులు కడుక్కుంటున్నారు. తోపులాట లేదు. "ఏటమ్మా, ఇది గవర్నమెంటు బడేనా?" అన్నాను. మరదలు మురిసిపోయింది. "పిల్లల కట్టుబాటు బావగారూ. ఆళ్లే పెట్టుకున్నారు."

మధ్యాహ్న భోజనానికి పిల్లలు వరండాలో మోకాలికి మోకాలు తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. ఒక్క అమ్మాయికి మాత్రం అటూ ఇటూ బోలెడు జాగా. ఆమె కంచంలోంచి గుడ్డు దొర్లిపోతే, అవతలివాడు కాలు వెనక్కి లాక్కున్నాడు గానీ అందివ్వలేదు. క్లాసు లీడర్ని పిలిచి అడిగాను. వాడు గర్వంగా చెప్పాడు: "దానితోటి ఎవులూ మాటాడకూడదండి. నాను ఒకడ్ని కొట్టేనని టీచరికి సెప్పేసింది. లోపలి మాట బయట పెట్టకూడదు కదండీ. అందరం సేతులెత్తేం."

ఆ ఊళ్లో పెద్దల్ని దాటి పోలీసు స్టేషనుకు వెళ్లిన ఇంటితో ఊరంతా మాట మానేస్తుంది. దాన్నే కట్టుబాటంటారు. నలుగురూ కలిసి నిర్ణయించుకోండి అంటే, ఆ పిల్లలు పుట్టి బుద్ధెరిగి చూసిన నిర్ణయం అదొక్కటే.

ఈ వెలి సంగతి మరదలికి అప్పటిదాకా తెలీదు. ఇటు తిరిగేసరికి కంచం ఉంది, పిల్ల లేదు. "అదెటెల్లింది?" అంది. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ పిల్ల సంగతి చెప్పడం కూడా కట్టుబాటు తప్పడమే. "ఒరే, సెప్పండర్రా!" అని అరిచింది. పిల్లలంతా లీడరు వైపు చూశారు. వాడు నేల చూశాడు. అంతవరకూ చెవిన పడని సముద్రపు హోరు అప్పుడు వినిపించింది.

అటే పరుగెత్తాం. కాలే ఇసుకలో నా చెప్పు తెగింది. ఏరు సముద్రంలో పడేచోట నీళ్లు పైకి నెమ్మదిగా కనిపించి కిందినుంచి లాగేస్తాయి. మరదలు పరుగెడుతూనే అమ్మవారికి మొక్కుతోంది. నేను మొక్కలేదు. మొక్కడానికి పైన ఎవరూ లేరన్న నా నమ్మకం నన్ను అంత ఒంటరిని చేసింది ఆ ఒక్కసారే.

బోర్లించిన పడవ నీడలో దొరికింది. "తిన్నావా?" అని తనే అడిగి, "తిన్నాను" అని తనే చెప్పుకుంటోంది. మరదలు వాటేసుకుని ఏడ్చింది. నేను కూలబడి, "వాళ్లంతా చేతులెత్తుతుంటే నువ్వు కాదనలేదేమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "నానూ ఎత్తేను కదండీ. ఎత్తకపోతే ఆళ్లకి ఇంకా కోపమొస్తాది."

తిరిగి వచ్చాక మరదలు పిల్లల్ని కూచోబెట్టింది. అన్నం, నీళ్లు, పక్కన చోటు, మాట, వీటిని తీసెయ్యడానికి ఈ బడిలో ఎవరూ ఓటు వెయ్యకూడదంది. "అందరూ ఒప్పుకున్నా?" అన్నాడు లీడరు. "ఒప్పుకున్నా సరే." "మా అయ్యకి సెప్తాను." వాళ్లయ్య ఆ ఊరి పెద్దల్లో ఒకడు. మరదలి వేళ్లు కొంగు చివరను మెలిపెట్టడం చూశాను. "సెప్పు" అంది.

సాయంత్రం రోజూ బస్సుదాకా తోడొచ్చే ఆడవాళ్లు ఆ రోజు రాలేదు. మేమిద్దరమే నడిచాం.

బడిలో ఆ పిల్ల పక్కకు ఒకమ్మాయి మర్నాడే జరిగి కూర్చుందట. మాట మాత్రం వానలు వెళ్లి చలి మొదలయ్యాకే కలిపిందట. మాకది ఒక రుతువు. ఆ వయసు పిల్లకి అదెంత పొడుగు కాలమో పెద్దవాళ్లం ఎవరమూ చెప్పలేం.