గట్టు మీద నుంచి చూస్తే జొన్నే!

నిరుడు వినుకొండ దగ్గర మా మిరపచేను పిందె మీదుంది. తుఫాను వస్తోందంటున్నారు. పంట నమోదుకు వచ్చిన వ్యవసాయ శాఖ ఉద్యోగి గట్టు మీదే నిలబడి ఫోటో తీశాడు. అతని ఫోనులోని ఏఐ ‘జొన్న’ అని తేల్చింది. పురుగు రాకుండా చేను చుట్టూ వేసిన జొన్న వరసలే దానికి కనపడ్డాయి. అలాగే నమోదైతే మిరప పోయినా బీమా రాదు.

“మిషన్ చెప్పిందండీ, నేనేం చేయను?” అన్నాడతను.

“చుట్టూ జొన్న వేయమన్నది మీ శాఖే కదయ్యా! దానికి తెలీదు సరే, నీకు తెలుసుగా? దిగు చేలోకి!” అన్నాను.

జొన్న వరసలు దాటుకుని లోపలికొచ్చి మిరప చూశాడు. పై అధికారికి ఫోన్ చేసి, తన బాధ్యత మీదే నమోదును మిరపగా మార్చాడు.

ఈ ఏడు ఇంకా తెలివైన యాప్ వచ్చిందట. రానివ్వండి, మంచిదే. ఫోటో తీసేవాళ్లను మాత్రం నేను గట్టు మీద ఆగనివ్వను.