జోగయ్య డ్రైవరు స్టీరింగు పట్టిన ఆదివారం

రాయపూర్ స్టేషను బయట దానయ్య ఇడ్లీ హోటల్లో పొద్దున్నే చేరే తెలుగువాళ్ళలో కారున్నవాడు ఒక్కడూ లేడు. కార్ల గురించి మాట్లాడనివాడూ ఒక్కడూ లేడు. ఏ కారు ఎంత లాగుతుంది, ఏ కారు తలుపు వేస్తే ఎలాంటి చప్పుడొస్తుంది, ఏ రంగు మీద దుమ్ము కనపడదు, పొద్దస్తమానం ఇదే గొడవ. చెప్పొద్దూ, కన్నపిల్లల మార్కులు కూడా వాళ్ళకి అంత బాగా తెలిసుండవు. ఈ సభకి పెద్ద జోగయ్య. ఆయన ప్లేటు పక్కకి జరిపి గొంతు సవరించుకున్నాడంటే మిగతావాళ్ళు చట్నీ నంజుకోవడం కూడా ఆపేసేవారు.

జోగయ్యది బొబ్బిలి దగ్గర పల్లె. మీసం సరిగ్గా రాకముందే రైల్వేలో చేరి ఈ ఊరొచ్చాడు. బొగ్గింజన్లో బొగ్గు ఎగదోశాడు, డీజిలు తోలాడు, కరెంటింజనూ తోలాడు, గూడ్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. కార్ల పిచ్చి ఆయనకి లెవెల్ క్రాసింగుల దగ్గర అంటుకుంది. గేటు అవతల వరసగా ఆగిన కార్లని ఇంజన్ కిటికీలోంచి చూసేవాడు. గూడ్సు బండి కదా, తీరిగ్గా చూసుకునేంత నెమ్మదిగానే పోయేది. అలా ఉద్యోగమంతా గేటు గేటుకీ చూసి చూసి, దుర్గ్ నుంచి బిలాస్‌పూర్ దాకా ఎవరి కారు ఏదో, దాని బంపరుకి సొట్ట ఎప్పుడు పడిందో చెప్పగలిగేవాడు.

రైలు తోలినవాడికి కారెంత అని అందరూ అనుకున్నారు. ఆయనా కాదనలేదు. అబద్ధమాడాడా అంటే ఆడలేదు, ఎవరైనా అడిగితే కదా. మీసం దువ్వుకుని నవ్వేవాడు, అంతే. అసలు సంగతేమిటంటే జోగయ్య పుట్టి బుద్ధెరిగి కారు తోలలేదు. స్టీరింగు ముట్టుకోనే లేదు. రైలింజన్‌కి స్టీరింగుండదు. బండి ఎటు తిరగాలో పట్టాలు చూసుకుంటాయి, పట్టాలు ఎటు కలపాలో కేబిన్లో కూర్చున్నవాడు చూసుకుంటాడు. డ్రైవరు పనల్లా పోనివ్వడం, ఆపడం. ఈ గుట్టు తెలిసిన మనిషి ఆయన భార్య వరహాలమ్మ ఒక్కతే.

తొంభై మూడులో మారుతీ వాళ్ళ జెన్ బయటికొచ్చింది. మూలలు కోణాలు ఏమీ లేకుండా, తోమి బోర్లించిన ఇత్తడి చెంబులా నున్నగా ఉండేది. తెలీబంధా చెరువు గట్టున మొదటిసారి అది సర్రున పోతుంటే చూసిన దానయ్య ఆ పూట సాంబారులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాడు. రిటైర్డు గార్డు సూరిబాబు ఎక్కడినుంచో ఇంగ్లీషు కార్ల పత్రిక సంపాదించి, నాలుగు మాటలు చదివి నలభై మాటలు తను కలిపి చెప్పాడు. ఐదు గేర్లట, అల్యూమినియం ఇంజనట, ఇలా తొక్కితే అలా దూకుతుందట. దానయ్య ఆ కారే కొంటానన్నాడు. హోటలు రెండుగా చీలిపోయింది. అది కుర్రకారు సోకు కారని, పొయ్యి దగ్గర బతికేవాడికి వ్యానే మేలని సూరిబాబు పార్టీ. దానయ్య భార్య ఆండాళమ్మ కూడా వ్యాను వైపే. ఇడ్లీ పాత్రలు ఎక్కాలంటే వ్యానే గతి అని ఆవిడ తేల్చి చెప్పేసింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ మనసు పడ్డవాడికి తప్పొప్పులు వినపడతాయా?

దానయ్యకి తోలడం వచ్చు. కానీ తన మనసు మీదే తనకి నమ్మకం లేదు. ఆ కారుని చూస్తే చాలు, పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడిలా అయిపోతున్నాడు. అందుకని అందరి ముందూ ఒక ఒప్పందానికొచ్చాడు. జోగయ్య మావయ్య స్వయంగా తోలి చూసి సరేనంటే జెన్ను, కాదంటే వ్యాను. ఆండాళమ్మ కూడా అంత పెద్దాయన మాటకి అడ్డు చెప్పనంది. షోరూమ్ నుంచి సాహూజీ అనే ఆయన ఆదివారం పొద్దున్నే కారు పట్టుకొస్తానని కబురు పెట్టాడు. జోగయ్యకి నోట్లో ఇడ్లీ నోట్లోనే ఉండిపోయింది.

ఆ వారమంతా పాపం ఆయన పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. చెరువు గట్టున నిలబడి పోయే కార్ల డ్రైవర్ల చేతులు చూశాడు. ఇంట్లో పీట మీద కూర్చుని అన్నం కంచం రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. కంచం తిప్పుతూ నోటితో హారను కూడా కొడుతుంటే వరహాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వి, రాదని చెప్పేస్తే ఏం పోతుందని అడిగింది. పరువు పోతుందన్నాడాయన. చివరికి శనివారానికి ఒక ఉపాయం తట్టింది. మోకాలు నొప్పి. క్లచ్చి తొక్కలేనంటే ఎవరు కాదంటారు? ఆదివారం తెల్లారేసరికి మోకాలికి అరసీసా బామ్ పట్టించాడు. ఆ ఘాటుకి పక్కింటివాళ్ళ పిల్లి కూడా అరుగు దిగి పారిపోయింది.

హోటలు ముందు ఎర్రటి జెన్ను నిలబడి ఉంది. చుట్టూ జనం. జోగయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుంటడం మొదలుపెట్టే ముందు అలవాటు కొద్దీ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. నాలుగు చక్రాలూ అరచేత్తో తట్టాడు, వంగి కిందికి తొంగి చూశాడు. అలా వంగినవాడు మోకాలు నొప్పి సంగతే మర్చిపోయాడు. జనం ఆహా అన్నారు. సాహూజీ తలుపు తీసి పట్టుకున్నాడు. కొత్త సీటు వాసన, ఎదురుగా నల్లటి గుండ్రటి స్టీరింగు. జోగయ్య కూర్చున్నాడు, చేతులు దాని మీద వేశాడు. అబ్బ, ఏం హాయి అది! ఆ చేతులు ఇక వెనక్కి రామన్నాయి.

దానయ్య కిటికీలోంచి వంగి, ఇక నీ మాటే మావయ్యా అన్నాడు. ఆ మొహం నిండా నమ్మకం. నాలుక చివర సిద్ధంగా ఉన్న మోకాలి నొప్పి జోగయ్యకి చేదెక్కింది. కుంటుకుంటూ దిగిపోయి, బాగానే ఉంది తీసుకో అనేస్తే పని అయిపోతుంది. దానయ్య ఆ మాటే పట్టుకుని కొనేస్తాడు. కానీ అది ఏం మాట? తోలనివాడి మాట. పైగా దిగిపోతే ఈ స్టీరింగు మళ్ళీ ఎప్పుడు చేతికొస్తుంది? జోగయ్య స్టీరింగు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"దానయ్యా, నాకు కారు తోలడం రాదురా. ఎప్పుడూ తోల్లేదు. కానీ తోలాలనుంది," అన్నాడు.

జనం నోళ్ళు తెరిచారు. సూరిబాబైతే ఎన్నో ఏళ్ళు ఈయన బండికే వెనక గార్డుగా పని చేసినవాడు, పడీ పడీ నవ్వాడు. జోగయ్య చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు సాహూజీ, వ్యాపారం తెలిసిన మనిషి కదూ, ఒక మాట అన్నాడు. అసలు తోలడం రానివాడు తోలినా మాట వినే కారైతే అంతకన్నా పరీక్ష ఏముంది డ్రైవర్ సాబ్, పదండి ఖాళీ రోడ్డు మీదికి పోదాం అని. దానయ్య ఒక్క క్షణం ఆలోచించి, అదీ నిజమే అంటూ వెనక సీట్లోకి దూరాడు. సూరిబాబు దూరాడు. మొగుడి పరువు ఎలా పోతుందో చూడాలని వెంట వచ్చిన వరహాలమ్మ కూడా దూరింది. ముగ్గురూ ఇరుక్కుని కూర్చుంటే బామ్ వాసనకి అద్దాలు దించక తప్పలేదు.

ఊరు దాటేదాకా సాహూజీ తోలాడు. అభన్‌పూర్ రోడ్డు ఎక్కాక తను పక్క సీట్లోకి మారి, జోగయ్యని స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. క్లచ్చి గురించి ఆయన చెప్పిందంతా జోగయ్య బుద్ధిమంతుడిలా విన్నాడు. మొదటిసారి బండి ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. సూరిబాబు వెనకనుంచి రైలుకి బ్రేకులు పట్టేసినట్టు వాక్యూమ్ పడిపోయిందా అని వెక్కిరించాడు. మూడోసారి జోగయ్య రైలు కదిలించే అలవాటుగా రెండు పొట్టి హారన్లు కొట్టి వదిలాడు. బండి మెత్తగా కదిలింది. అటూ ఇటూ పాములా ఊగి, కాసేపటికి దారిన పడింది.

అక్కడినుంచి జోగయ్య గూడ్సు తోలినట్టే తోలాడు. చూపు దూరంగా, వేగం ఒకటే. ఎక్కడో కనుచూపు మేరలో ఆవు కనపడితే ఇక్కడే బ్రేకు వేశాడు. ఆవు వెళ్ళిపోయి చాలాసేపయ్యాక కారు అక్కడికి చేరింది. వెనక ముగ్గురూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. జోగయ్యకి కోపం రాలేదు. ఎవరో ఆకాశంలోకి ఎత్తుకున్నట్టుంది ఆయనకి. గేరు మార్చగానే కారు ఉరికితే నోరంతా తెరిచి నవ్వాడు. ఆ నవ్వు చూసి వరహాలమ్మ వెక్కిరింపు మానేసింది.

కొంతదూరం పోయాక రోడ్డు రెండుగా చీలింది. ఒకటి నేరుగా అభన్‌పూర్ పోతుంది. ఇంకొకటి కుడిచేతి వైపు, కోత కోసిన వరిమళ్ళ మధ్య మట్టిదారి. జోగయ్య చీలిక ముందు బండి ఆపేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుండిపోయాడు. ఇంజన్ కూడా ఆగిపోయింది. సాహూజీ అర్థం కాక ఏమైందని అడిగాడు. జోగయ్య చూపు చీలిక మీంచి కదల్లేదు. ఆయన దేనికోసం చూస్తున్నాడో సూరిబాబుకి తెలిసింది, గార్డు కదా. ఈసారి నవ్వలేదు.

వరహాలమ్మ ముందుకు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇక్కడ పట్టాలు కలిపి లైనిచ్చేవాడు ఎవడూ లేడయ్యా. నీకెటు కావాలో అటు తిప్పు."

జోగయ్య బండి స్టార్టు చేశాడు. కుడివైపు మెల్లగా తిప్పాడు. రైలు తోలినన్నాళ్ళూ బండి తిరిగిన ప్రతిసారీ ఆయన తల దాంతోపాటు తిరిగింది. ఇప్పుడు ఆయన తల ముందు తిరిగింది, బండి దాని వెనక వచ్చింది. మట్టిదారిలో కొంచెం పోయి ఎడమకి తిప్పాడు, ఎందుకూ పని లేకపోయినా మళ్ళీ కుడికి తిప్పాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోవాలంటే చేతులు తియ్యాలి, చేతులు తియ్యడం ఇష్టం లేదు. ఖాళీ మడి ఒకటి కనపడితే దాన్లోకి దించి గుండ్రంగా ఒక చుట్టు చుట్టాడు. పచ్చి గడ్డి మేస్తున్న మేకలు చెల్లాచెదురయ్యాయి.

దానయ్య ఇక ఉండబట్టలేక ముందుకు వంగాడు. పికప్ ఎలా ఉంది, గేరు ఎలా పడుతోంది, ఇంజన్ చప్పుడు బాగుందా, కొనమంటావా వద్దా, గబగబా అన్నీ అడిగేశాడు. ఇన్నేళ్ళుగా ఒక్కో కారు మీద గంటల తరబడి తీర్పులు చెప్పిన మనిషి, ఆయన నోట్లోంచి ఏం వస్తుందోనని కారంతా చెవులు రిక్కించుకుంది.

"తిప్పితే తిరుగుతోందిరా దానయ్యా," అన్నాడు జోగయ్య, ఇంకో చుట్టు మొదలుపెడుతూ.