చేత్తో తూచిన పవర్ సప్లై

నెల్లూరులో నాదో చిన్న కంప్యూటర్ షాపు. ఈ రోజు మధ్యాహ్నం విడవలూరు నుంచి చేపలమ్మే ఒక అక్క వచ్చింది, డిగ్రీ చదివే కూతురికి తక్కువలో ఒక కంప్యూటర్ కావాలంటూ. కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై పెట్టె చవకది తీసుకుంటే అదే బడ్జెట్‌లో పదహారు జీబీ మెమరీ వేయొచ్చని చెప్పాను. కూతురు సంబరంగా తలూపింది.

అక్క మాత్రం చవకదాన్నీ, మంచిదాన్నీ చెరో చేత్తో ఎత్తి పట్టుకుంది.

"రెండిటి మీదా ఒకే వాట్ల అంకె ఉండాదే, ఇదేందన్నా ఇంత తేలిగ్గా ఉండాది? మా ఊళ్లో రొయ్యల గుంటల మోటార్లు వేస్తే కరెంటు ఎగిరెగిరి పడతాది. పోయినేడు టీవీ మాడిపోయింది. ఇది తట్టుకుంటాదా?"

రెండూ విప్పి చూపించాను. తేలికదాని లోపల సన్నటి తీగలు, సగం ఖాళీ.

"మెమరీ తర్వాత పెంచుకోవచ్చా అన్నా?" అంది కూతురు.

"ఒక స్లాట్ ఖాళీగానే ఉంటాదమ్మా."

ఎనిమిది జీబీతో, బరువైన పవర్ సప్లైతో కంప్యూటర్ బిగించి ఇచ్చాను.

పన్నెండేళ్లుగా నేను పెట్టె మీది అంకెలే చదువుతున్నాను. ఆమె మూత తీయకుండానే లోపలున్నది చెప్పేసింది. ఆ చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది. మీకూ ఇలాంటి చేతులు ఎదురయ్యాయా?