రెబెక్కా ఇంటికొచ్చిన సినిమా కుర్చీలు

రెబెక్కా నాచారంలో ఒక బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. టీ వేళకు తోటి ఆడవాళ్ళంతా క్యాంటీన్ నీడకు చేరితే, ఈమె మాత్రం గ్లాసు పట్టుకుని షెడ్డు వెనక స్క్రాపు కుప్ప దగ్గరికి నడుస్తుంది. విరిగిన చెక్క ప్యాలెట్లు, ఖాళీ గ్లూకోజు డబ్బాలు, కరెంటు వైరు చుట్టి వచ్చిన పెద్ద పెద్ద చెక్క చక్రాలు అక్కడ పడి ఉంటాయి. అవి ఎప్పుడు లారీ ఎక్కుతాయా, ఎప్పుడు జాగా ఖాళీ అవుతుందా అని సూపర్‌వైజరు చూస్తుంటాడు. రెబెక్కాకు మాత్రం ప్యాలెట్‌లో చెప్పుల స్టాండు కనబడుతుంది, డబ్బాలో బియ్యం కనబడతాయి, చక్రంలో నాలుగు కాళ్ళు బిగించిన టీపాయి కనబడుతుంది.

"సార్, గిది నేను తీస్కపోవచ్చా?" అని అడిగి, గేటు దగ్గర పాసు రాయించుకుని మరీ తెచ్చుకుంటుంది. అడగకుండా చెక్కముక్క కూడా ముట్టదు.

ఆమె భర్త టిమోతి ట్రాలీ ఆటోలో ఇంటింటికీ మంచినీళ్ళ క్యాన్లు వేస్తాడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోని నెమ్మదైన మనిషి. సాయంత్రానికి ఆటో ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని ఏదో ఒకదానితో నింపడం భార్య పని. ఇంటికి తోలుకు రావడం అతని పని.

అత్త దానమ్మకే ఇదంతా తలవంపులుగా ఉండేది. జనగామ దగ్గర పల్లెలో ఇత్తడి బిందెలు అద్దాల్లా తోమి వరసగా పేర్చుకున్న ఇల్లాలు ఆమె. కొడుకు ఇంట్లో చెడిపోయిన ఫ్రిజ్జు బట్టల బీరువాగా నిలబడి ఉంటే ఎట్లా ఓర్చుకుంటుంది? ఒకసారి ఊరి నుంచి వచ్చిన చుట్టం చల్లటి నీళ్ళ కోసం తలుపు తెరిచాడు. లోపల టిమోతి ప్యాంట్లు మడతలు పెట్టి ఉన్నాయి. గుడ్లు పెట్టే గుంటల్లో దారపు ఉండలు, గుండీలు ఉన్నాయి. ఆయన తలుపు మెల్లగా మూసి, కుండ ఎక్కడుందని అడిగాడు. ఆ సంగతి తలుచుకుంటే దానమ్మకు ఇప్పటికీ మొహం ఎర్రబడుతుంది.

"ఎవరి ఇంట్లదో, ఎవరు వాడి ఇడిసిపెట్టిందో. మనకేం ఖర్మనే రెబెక్కా?" అనేది.

"వాళ్ళకు అక్కరలేదు, మనకు అక్కెర ఉన్నది. గంతే గదా అత్తమ్మా," అనేది కోడలు, చేతిలో పని ఆపకుండానే.

ఇట్లా ఉండగా నాచారంలోని ఒంటిగది ఖాళీ చేసి వాళ్ళు చెంగిచెర్ల మారారు. సుశీలమ్మ అనే ఆమె ఇంటి పై పోర్షను అది. సుశీలమ్మ కింద ఉంటుంది. భర్త పోయి చాలాకాలమైంది, మనుషులంటే మక్కువ ఎక్కువ. పైన రెండు గదులు, ముందొక హాలు. ఒంటిగదిలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సామానంతా ఈ హాలులో పెడితే ఒక మూలకు సరిపోయింది. మాట్లాడితే మాట తిరిగొచ్చేది.

దానమ్మ మాత్రం మురిసిపోయింది. కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టించాలంది. పాస్టరు కృపానందం అయ్యగారు రావాలి, చర్చి స్త్రీల సమాజం వాళ్ళంతా రావాలి.

"అందరివీ అరిగిపోయిన మోకాళ్లే. చాపలేస్తే కూసున్నోళ్లు లేవరు," అంది. "టెంట్‌హౌస్‌ల కుర్చీలు జెప్పమను టిమోతిని."

"మన ఇంటి ప్రార్థనకు కిరాయి కుర్చీలెందుకత్తమ్మా? నేను జూస్త."

కోడలు 'నేను జూస్త' అన్నదంటే ఇంటికి ఏదో రాబోతున్నదని అర్థం. దానమ్మ నిట్టూర్చింది.

ఉప్పల్ రింగురోడ్డు వెనక సందులో దుర్గేష్ అనే అతనికి పాత సామాన్ల యార్డు ఉంది. కూలగొట్టిన ఇళ్ళ తలుపులు, కిటికీలు, మూతబడ్డ హోటళ్ళ టేబుళ్ళు అక్కడికి చేరతాయి. రెబెక్కా నాలుగు చెక్క కుర్చీల కోసమని వెళ్ళింది. తలుపుల వరస దాటి వెనక్కి పోతే, గోడకు ఆనించి ఒక పొడుగాటి వస్తువు పట్టా కప్పి ఉంది. పట్టా ఎత్తి చూసింది. ఏదో ఊళ్ళో పడగొట్టిన సినిమా హాలు కుర్చీలు, ఒకే వరసలో నాలుగు. ఎర్ర రెక్సిను చిరిగి దూది బయటికి వచ్చింది కానీ, పోత ఇనుప కాళ్ళ మీద తీగెల డిజైను చెక్కు చెదరలేదు. చేతుల మీది చెక్క, ఎంతమంది మోచేతులు రాసుకున్నాయో, నూనె పూసినట్టు మెరుస్తోంది.

"విడిగియ్యవా దుర్గేషన్నా?"

"విడిగ రావక్కా అవి. ఉమ్మడి కుటుంబం. తీస్కపోతే నాలుగూ తీస్కపోవాలె."

రెబెక్కా ఒక సీటు కిందికి వంచి కూర్చుంది. పొద్దుటి నుంచీ నిలబడి ప్యాకింగ్ చేసిన నడుము ఒక్కసారిగా హాయిగా వాలిపోయింది. అయిదు నిమిషాలు అట్లాగే కూర్చుని లేచేసరికి, ఇక ఆ కుర్చీలు తనవే అని ఆమెకు తెలిసిపోయింది. బేరం సంగతి చెప్పుకుంటూ పోతే పొద్దుగూకుతుంది. మొత్తానికి తెగింది.

టిమోతి ఆటో తెచ్చాడు. వరస పొడుగు, ట్రాలీ పొట్టి. ఒక సీటు వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చింది. తాళ్ళతో కట్టినా ఊగుతుంటే, రెబెక్కా ఎక్కి మధ్యలోని ఒక సీటులో కూర్చుని బరువు ఆనించింది. ఉప్పల్ దాటగానే మెట్రో పిల్లరు నీడ అయిపోయి, వరంగల్ రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయి. పక్కన ఆగిన బస్సు కిటికీల నిండా మొహాలే. సినిమా హాలు కుర్చీలో దర్జాగా కూర్చుని రోడ్డు మధ్య కనబడే ఆడమనిషిని వాళ్ళెప్పుడు చూశారు గనక!

"అక్కా, ఏం సినిమా?" అని ఒకడు అరిచాడు.

"ఇంటర్వెల్ తమ్మీ! సమోసాలున్నయా?" అంది రెబెక్కా.

బస్సంతా నవ్వింది. ఆటో ముందు కూర్చున్న టిమోతి చెవులు ఎర్రబడ్డాయి కానీ, అద్దంలో చూస్తే అతనూ నవ్వుతున్నాడు.

ఇబ్బంది ఇంటి దగ్గర మొదలైంది. మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు. అడ్డంగా తిప్పారు, ఏటవాలుగా తిప్పారు. "నిలువుగ లేపున్రి, నిలువుగ!" అని సుశీలమ్మ కింది నుంచి పురమాయించింది. నిలువుగా లేపితే పైకప్పుకు తగిలింది. గల్లీలో మగవాళ్ళు నలుగురు తలా ఒక ఉపాయం చెప్పి, చెమటలు కార్చి, చివరికి వరసను మళ్ళీ కిందికే దించి సుశీలమ్మ వాకిట్లో జామచెట్టు కింద పెట్టారు.

ఆ సందడికి దానమ్మ దిగి వచ్చింది. కుర్చీల వీపుల మీద నంబర్లు చూసింది. చూసి, కోడలి మొహం చూసింది.

"గివి సినిమా హాలు కుర్చీలా?"

రెబెక్కా తల ఊపింది. దానమ్మ పుట్టి బుద్ధెరిగి సినిమా హాలు గడప తొక్కలేదు.

"వీటి మీద కూసోని ఎంతమంది ఈలలేసిన్రో! ఎంతమంది ఏమేం జూసిన్రో! గివా ప్రార్థనకు? అయ్యగారిని వీటి మీద కూసోవెడ్తవా?"

"అమ్మా, కుర్చీ ఏం పాపం జేసింది?" అన్నాడు టిమోతి.

"నువ్వు మాట్లాడకు. ఆటో నీదే గదా!"

దానమ్మ కొంగు దులుపుకుని వెనక్కి తిరిగింది. గట్టిగా తిట్టినా బాగుండేది. ఆమె చప్పుడు లేకుండా మెట్లెక్కి పోతుంటే రెబెక్కాకు మనసు చివుక్కుమంది. మెట్టు మీద చతికిలబడింది. చుట్టాల ముందు, సంఘం ముందు అత్త తలెత్తుకోవాలనే కదా తను ఇంత తిరిగింది! రేపు ఇచ్చేసి రావాలా అనుకుంది. సుశీలమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"పరేషాన్ గాకు. ముందైతే కడుగు. కడిగినంక ఎట్ల కనవడ్తయో సూద్దాం," అంది.

మరుసటి రోజు సెలవు పెట్టి రెబెక్కా బకెట్టు, బ్రష్షు తీసుకుని కూర్చుంది. సీట్ల అడుగున ఎండి రాయైన బబుల్‌గమ్, ఇరుక్కుపోయిన పల్లీల పొట్టు, చినిగిన టికెట్టు ముక్కలు, ఒక జడ క్లిప్పు దొరికాయి. అన్నీ గీకి, కడిగి, ఇనుముకు నల్లరంగు వేసింది. పాడైన రెక్సిను పీకేసింది. మరి పైన ఏం వేయాలి? కొత్త గుడ్డ కొనడం ఆమెకు చేతగాని పని. గల్లీలో ఇంటింటికీ పోయి, "పాత జీన్సు ప్యాంట్లున్నయా?" అని అడిగింది. ఒక్క పూటలో సంచులు నిండాయి. ముదురు నీలం, లేత నీలం, వెలిసిపోయిన బూడిద రంగు ముక్కలు కత్తిరించి, జతచేసి, మిషను మీద కుట్టింది. జేబులు ఊడదీయడానికి మనసొప్పలేదు. ప్రతి సీటు వీపుకూ వెనకవైపు ఒక జేబు, చేతి పక్కన ఒక జేబు ఉంచేసింది.

దానమ్మ పైన పిట్టగోడ దగ్గర బట్టలు ఆరేస్తూ ఉంది. ఆరేసిన బట్టలనే తీసి మళ్ళీ ఆరేస్తూ ఉంది. సాయంత్రానికి ఇక ఉండబట్టలేదు.

"ఆ మూలకు కుట్టు వంకర వోతున్నది," అంది పైనుంచి.

రెబెక్కా తలెత్తకుండానే నవ్వుకుని, ఆ కుట్టు విప్పి మళ్ళీ వేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ప్రార్థన పైన హాలులో అనుకున్నారు. కానీ ముందుగా వచ్చిన పెద్దామె మెట్లవైపు ఒకసారి, జామచెట్టు కింద నీలం కుర్చీల వైపు ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా వచ్చి కూర్చుంది. వెనక వచ్చిన ఇద్దరూ అదే పని చేశారు. చాపలు కిందికి దిగాయి. ప్రార్థన వాకిట్లోకి మారిపోయింది. సుశీలమ్మ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, తనూ గడప మీద కూర్చుంది.

కృపానందం అయ్యగారు భారీ మనిషి. ఆయన గేటు దాటగానే దానమ్మ ఎదురెళ్ళింది.

"వందనాలు అయ్యగారూ. ముందే జెప్తున్న, దాచిపెట్టుడెందుకు. గవి సినిమా హాలు కుర్చీలు."

ఆయన కుర్చీలను చూశాడు. మిగిలి ఉన్న సీటును అరచేత్తో నొక్కి, గట్టిదనం చూసుకుని, మెల్లగా కూర్చున్నాడు. మొహం విప్పారింది.

"మెత్తగున్నయి దానమ్మా," అన్నాడు. పక్క జేబు కనబడితే కళ్ళజోడు తీసి అందులో పెట్టుకున్నాడు. అది చూసి ఆడవాళ్ళు పాటల పుస్తకాలు, ఫోన్లు తమ తమ జేబుల్లో దోపుకున్నారు.

పాట అయింది. "లేచి నిలబడి ప్రార్థన చేద్దాం," అన్నాడు అయ్యగారు. నలుగురూ లేచారు. మనిషి లేస్తే సీటు దానంతటదే పైకి మూసుకునే కుర్చీలవి. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఫట్! ఫట్! ఫట్! ఫట్! జామచెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. చాప మీద ఎవరో కిసుక్కుమని నోరు మూసుకున్నారు. అయ్యగారు కళ్ళు తెరవకుండా ప్రార్థన సాగించాడు. ఆమెన్ అన్నారు, కూర్చున్నారు. వాక్యం చెప్పి, ఇంటివాళ్ళ కోసం మళ్ళీ లేవమన్నాడు. మళ్ళీ ఫట్! ఫట్! ఫట్! ఫట్!

ఈసారి అయ్యగారు కళ్ళు తెరిచి వెనక్కి చూశాడు.

"మనమే గాదమ్మా, కుర్చీలు గూడ చప్పట్లు గొడ్తున్నయి," అన్నాడు.

ముందు నవ్వింది దానమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. భుజాలు ఊగిపోయాయి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆమెను చూసి చాపల మీదివాళ్ళు, వాళ్ళను చూసి గడప మీది సుశీలమ్మ నవ్వారు. పైన వంటగదిలో బగారా అన్నం గిన్నె మూత తీయబోతున్న రెబెక్కా ఆ నవ్వు విని పిట్టగోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ అత్త అట్లా నవ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు. మూత చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది.

భోజనాలయ్యాక అందరూ వెళ్ళిపోయారు. దానమ్మ చివరి కుర్చీలో వాలి, కాళ్ళు చాపుకుంది.

"గీ సివర్ది నాది. ఎవరికీ ఇయ్యకు," అంది.

తర్వాత దుర్గేష్ స్పానర్లు, మధ్యలో తగిలించడానికి ఇంకో ఇనుప కాలు తెచ్చి, ఉమ్మడి కుటుంబాన్ని ఎట్లాగో రెండుగా విడదీసి పెట్టాడు. ఒక జంట పై హాలుకు ఎక్కింది. రెండోది సుశీలమ్మ పోనివ్వలేదు. పొద్దుగూకే వేళ ఆమె, దానమ్మ దాని మీద పక్కపక్కన కూర్చుని ఆకుకూర తెంపుకుంటారు, గల్లీలో వచ్చేపోయే వాళ్ళను పలకరిస్తారు. ఆ కుర్చీలు చూసినవాళ్ళు తమ ఇళ్ళలో మూలన పడ్డవి మోసుకొచ్చి రెబెక్కాకు ఇవ్వసాగారు. బోడుప్పల్ నుంచి ఒకామె విరిగిన ఊయల తెచ్చింది. ఆదివారం సాయంత్రాలు ఇప్పుడు రెబెక్కాకు తీరికే ఉండదు. అయినా ఆమెకు అదే విశ్రాంతి.

మొన్న ఒక రోజు కంపెనీలో ఉండగా ఆమె ఫోను మోగింది. దానమ్మ. కంటి దవాఖానాకని మేడిపల్లి వెళ్ళిన మనిషి.

"ఏమైందత్తమ్మా? డాక్టరేమన్నడు?"

"డాక్టరు సంగతి తర్వాత. ఈడ పాత ఇల్లు కూలగొడ్తున్నరు. టేకు తలుపు బిడ్డా, చిలకలు చెక్కిన తలుపు! స్క్రాపోడు వచ్చి నిలవడ్డడు. నేను ఇంటామెను అడిగి, దాని మీదనే కూసున్న. టిమోతిని ఆటో దీస్కొని జల్ది రమ్మను."

"ఆయన క్యాన్లేసుడు ఇంక కాలేదేమో అత్తమ్మా."

"క్యాన్లు రేపేస్తడు. తలుపు రేపటిదాక ఉంటదా?" అంది దానమ్మ. అంతలోనే ఫోను పక్కకు పెట్టి ఎవరినో గదమాయించడం వినబడింది: "ఓ తమ్మీ, చెయ్యి తియ్యి! అది మా ఇంటిది!"